షుబ్రాలో హారన్లు తగ్గిపోయాయి

షుబ్రా, కైరో
4 నవంబరు 1988

చెల్లెలు ఇన్షిరాహ్‌కి,

నేను కులాసా. నువ్వూ, మీ ఆయన హమ్దీ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఖర్జూరాల పెట్టె నిన్న బస్సులో అందింది. అడుగున కొన్ని నలిగాయి, తక్కినవి బాగున్నాయి. వాటిలో సగం, పై అంతస్తులో ఉండే హానీ వాళ్ళమ్మకి ఇచ్చాను. ఆవిడ ఈమధ్య నా మీద కోపంగా ఉంది. నా రేడియో మోతకి వాళ్ళ గోడ మీద పటాలు ఊగుతున్నాయట. మీ వదిన పోయి రెండేళ్ళయింది, ఈ ఇంట్లో మాట్లాడేది ఆ రేడియో ఒక్కటే. ఎప్పుడూ పెట్టినట్టే పెడుతున్నాను. ఖర్జూరాలు తిన్నాక కాస్త తగ్గింది. ఆవిడ కోపం, రేడియో కాదు.

పోయిన శుక్రవారం నువ్వు చెప్పిన వేళకి మందుల షాపు ఫోన్ దగ్గరికి వెళ్ళాను. ఆ లైను పాడైపోయింది. నీ గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అన్నిటికీ సరే అన్నాను. ముఖ్యమైన దేనికైనా సరే అని ఉంటే రాయి. ఇకమీదట ఉత్తరాలే నయం.

కారు బాగుంది. వేసవిలో ఇంజను విప్పి రింగులు మార్చాను, పొగ పోయింది.

కొత్త సంగతి ఒకటే. షుబ్రాలో హారన్లు తగ్గిపోయాయి. కారణం తెలీదు. కొత్త ట్రాఫిక్ అధికారి ఎవరైనా వచ్చాడేమో. నేను టాక్సీ తోలడం మొదలుపెట్టింది యాభై తొమ్మిదిలో. అప్పట్లో ఇంటి నుంచి వీధి మలుపు దాకా వెళ్ళేలోపే పదిసార్లు మోగేది, జరగమని, జరగొద్దని, ఖాళీగా ఉన్నావా అని, మీ పిల్లలెలా ఉన్నారని. మంగళవారం పొద్దున్నించి మధ్యాహ్నం అసర్ నమాజు దాకా లెక్కపెట్టాను. నన్ను చూసి కొట్టినవి మొత్తం పదకొండు. డ్రైవర్లకి మనసులు బిగిసిపోయాయి.

మా స్టాండు మితవల్లి సంగతీ అంతే. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే రోదుల్-ఫరగ్ మలుపులో వాడు అటు, నేను ఇటు. వాడు రెండు కొడతాడు, నేను రెండు కొడతాను. అదే మా సలాం. ఎండాకాలం నుంచి వాడు కొట్టడం మానేశాడు. నేను మూడు రోజులు కొట్టి చూశాను. తర్వాత నేనూ మానేశాను.

పోయిన నెల పదమూడున వాళ్ళమ్మాయి నాగ్లా పెళ్ళయింది. నన్ను పిలవలేదు. పెళ్ళయిందని కాఫీ హోటల్లో ఎవరో చెప్పుకుంటుంటే తెలిసింది. దీని గురించి నువ్వేమీ రాయనక్కర్లేదు. సంగతి కాబట్టి రాశాను, అంతే.

నీ అన్న
గాబిర్

*

ఖార్గా
19 నవంబరు 1988

గాబిర్ అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం దిగలేదు. హమ్దీ తన వంతూ నా వంతూ కూడా తినేశాడు, ఎవరి బాధ వాళ్ళది.

ముందు ఫోన్ సంగతి. ఆ రోజు నువ్వు మూడిటికి సరే అన్నావు. మనాల్‌కి తెల్ల బూట్లు పంపుతానన్నావు, రంజానుకి ఇక్కడికి వస్తానన్నావు, మళ్ళీ పెళ్ళి చేసుకుంటానన్నావు. మూడోదానికి అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. లైను మాత్రం బాగానే ఉంది. నీ ముక్కు ఎగబీల్చుకోవడం కూడా వినిపించింది.

హారన్లు తగ్గాయంటున్నావు, అదృష్టవంతుడివి అనాలో ఏమనాలో తెలీడం లేదు. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయినా ఈ నిశ్శబ్దం నాకు అలవాటు కాలేదు. ఊరంతటికీ మూడు టాక్సీలు. వాటిలో ఏదైనా హారన్ కొడితే జనం కిటికీలు తీసి, ఎవరు పోయారో అని చూస్తారు. మొన్న మా వీధిలో ఒక మేక కోసం ఒకడు కొడితే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "హారన్ మీద బెంగ పెట్టుకున్న ఆడదాన్ని నిన్నే చూశాను" అన్నాడు హమ్దీ.

ఇక మితవల్లి. వాడింత పని చేస్తాడా? సుయెజ్‌లో వాడు సైన్యంలో ఉన్నప్పుడు వాడి భార్య రౌహియాకి నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఎవరు? దారంతా హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా తోలింది ఎవరు? ఆ నాగ్లా పుట్టిందని సుయెజ్‌కి టెలిగ్రాం కొట్టింది ఎవరు? ఆ పిల్ల పెళ్ళికి నిన్ను పిలవరా? నువ్వు రాయొద్దన్నావు, నీకు రాయొద్దన్నావు. రౌహియాకి రాయొద్దనలేదు. చిన్నప్పుడు ఒక బల్ల మీద కూర్చుని చదువుకున్నాం కదా, ఆ చనువుతో రెండు పేజీలు కడిగి పంపాను. మనసు తేలికపడింది.

మా బాతులు పధ్నాలుగు. రెండు పొదుగుతున్నాయి.

నీ వంతు కోపం కూడా తనే పడే
ఇన్షిరాహ్

*

షుబ్రా
2 డిసెంబరు 1988

చెల్లెలు ఇన్షిరాహ్‌కి,

రౌహియాకి రాయకుండా ఉండాల్సింది. పిలుపు అడిగి తెచ్చుకున్నట్టయింది. సరే, అయిపోయింది.

బూట్లు బస్సులో పంపాను. సైజు కొంచెం పెద్దది, దూది పెట్టు.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. జనం కొట్టకపోవడం ఒకటే కాదు, నేను కొట్టినా ఎవరూ జరగడం లేదు. నా హారన్ బలం తగ్గిందేమోనని కార్ల ఎలక్ట్రీషియన్ గిర్గిస్ దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు నొక్కి చూసి, "భేషుగ్గా ఉంది గురూ, దీనికేమొచ్చింది?" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ భేషుగ్గా ఉందన్నాడు. మూడోసారి వెళ్ళి, లారీకి పెట్టేది పెట్టమన్నాను.

"ఫియట్‌కి లారీ హారనా? గాడిదకి ఒంటె గొంతు పెట్టినట్టుంటుంది" అన్నాడు.

"పెట్టు" అన్నాను.

పెట్టాక నొక్కితే వాడు రెండు చెవులూ మూసుకుని నవ్వాడు. నాకు మామూలుగానే ఉంది, పాతదానికంటే కాస్త నయం. మొదటి రోజే ఒక పెద్దావిడ సగం దారిలో ఆపించి దిగిపోయింది. ఏదో అంటూ దిగింది. సోమవారం ట్రాఫిక్ అధికారి ఆపి కాగితాలు తీసుకుని, రెండు రోజులు తిప్పి ఇచ్చాడు. ఫిబ్రవరి నెలాఖరుకి నా లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి, ఇప్పుడు గొడవలు వద్దు. గిర్గిస్ చేతనే తీయించి పాతది పెట్టించాను.

మళ్ళీ పెళ్ళికి నేను సరే అనలేదు. వినపడక అన్నది లెక్కలోకి రాదు.

నీ అన్న
గాబిర్

*

ఖార్గా
14 డిసెంబరు 1988

అన్నయ్యా,

బూట్లు సరిపోయాయి. మనాల్ వాటిని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది. ఇంక మంచి కబుర్లు లేవు.

రౌహియా జవాబు రాసింది. నాలుగు పేజీలు. చదవడానికి ముందు నేను కోపంగా ఉన్నాను, చదివాక ఎవరి మీద కోపపడాలో తెలియకుండా పోయింది. ముఖ్యమైన ముక్కలు దాని మాటల్లోనే దించుతున్నాను.

"మీ అన్నని పిలవలేదని నువ్వు నన్ను తిట్టిపోశావు. మా ఆయన రెండుసార్లు పిలిచాడమ్మా. ఒకసారి మార్కెట్ దగ్గర, ఒకసారి షుబ్రా పెద్ద వీధిలో, కారు పక్కన కారు పెట్టి, హారన్ కొట్టి, కిటికీలోంచి, 'గురువారం, సాయంత్రం మగ్రిబ్ నమాజయ్యాక, నాగ్లా పెళ్ళి, రాకపోతే చంపుతా' అని పిలిచాడు. డ్రైవర్లందర్నీ అలాగే పిలిచాడు. అందరూ హారన్ కొట్టి వస్తామన్నారు. మీ అన్న తల కూడా తిప్పలేదు. ఎండాకాలం నుంచి సలాం కూడా మానేశాడు. సరే, ఏదో మనసులో పెట్టుకున్నాడనుకున్నాం.

"పెళ్ళి రోజు జరిగింది విను. పిల్లని అలంకరించే చోటు నుంచి పన్నెండు కార్లలో బయల్దేరాం. ఇంబాబా వంతెన మీద ముందు మీ అన్న కారు. నడి మధ్యలో, నత్తలా వెళ్తున్నాడు. పన్నెండు కార్లూ వెనక హారన్లతో పెళ్ళి మోత మోగించాయి. ఎదురుగా వచ్చేవాళ్ళు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు బదులు కొట్టారు. గాడిదబండి వాడు కూడా పక్కకి జరిగి చేతులు తట్టాడు. మీ అన్న వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా జరగలేదు, బదులివ్వలేదు. పెళ్ళి మోతకి బదులివ్వనివాడు ఆ పిల్ల కాపురం కూలాలని కోరుకునేవాడే. కారులో మా వియ్యపురాలు నా పక్కనే కూర్చుంది. 'ఎవరమ్మా అతను, మీకు పగవాడా?' అంది. నేనేం చెప్పను? నాగ్లాని నా కంటే ముందు చేతుల్లోకి తీసుకున్నవాడని చెప్పనా?"

అన్నయ్యా, నువ్వు అలా చేశావంటే నేను నమ్మను. కానీ పన్నెండు కార్ల జనం అబద్ధం చెబుతారా? కారణం ఏదైనా ఉంటే నాకు చెప్పు. తిట్టను.

ఇన్షిరాహ్

*

షుబ్రా
27 డిసెంబరు 1988

ఇన్షిరాహ్‌కి,

అక్టోబరు పదమూడు నా పుస్తకంలో చూశాను. ఆ సాయంత్రం నేను ఇంబాబా వంతెన మీద ఉన్న మాట నిజం. "బీరువా తలుపు, నిలువుటద్దం, పైన, మెల్లగా" అని రాసుకున్నాను. ఒక వడ్రంగిది. కారు పైన దుప్పటి వేసి కట్టాం. అది పగలకూడదని నడి మధ్యలో, మెల్లగా తోలాను. వడ్రంగి మెడ బయటపెట్టి దాన్నే పట్టుకుని ఉన్నాడు. దారిలో ఏదో అన్నాడు, తలుపు గురించేమో అనుకుని తలూపాను.

నా వెనక ఏ పెళ్ళీ లేదు. ఒక్క హారన్ కూడా మోగలేదు.

అద్దంలో చూసుకోవాల్సిందని రౌహియా అంటుందేమో. పక్క అద్దం డెబ్భై ఒకటి నుంచి మడిచే ఉంది. షుబ్రాలో తెరిచి ఉంచితే మూడు రోజుల్లో ఎవడో ఒకడు రాసుకుని విరిచేస్తాడు. లోపలి అద్దం పూసల దండలకి. కైరోలో అద్దం ఎవరు చూస్తారు? వెనకున్నవాడు హారన్ కొట్టి తనే చెబుతాడు. ముప్పై ఏళ్ళుగా అలాగే తోలాను. ఎవరికీ గీత కూడా పడలేదు.

మితవల్లి పిలిచానన్నది కూడా అబద్ధం. నన్ను వదిలేసి, ఇప్పుడు తప్పు నా మీదికి తోస్తున్నారు. తిన్న రొట్టె మీద ఒట్టు, ఆ పిల్లకి నేను చెడు కోరలేదు.

నువ్వు వాళ్ళని నమ్మితే వాళ్ళకే రాసుకో.

గాబిర్

*

ఖార్గా
8 జనవరి 1989

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. హమ్దీ, "కాగితాలన్నీ పొయ్యిలోకే అయితే నేరుగా పొయ్యికే చెప్పు" అన్నాడు. కాబట్టి ఇది పంపుతున్నాను. కూర్చుని చదువు. చదివాక కోపం వస్తే వారం ఆగి జవాబు రాయి.

నేను నిన్ను నమ్ముతున్నాను. రౌహియానీ నమ్ముతున్నాను. నీ ఉత్తరాలన్నీ నేల మీద పరుచుకుని వరసగా చదివాను. ఫోన్ లైను పాడైందన్నావు, నాకు నీ ఊపిరి కూడా వినిపించింది. రేడియో మామూలుగానే పెట్టానన్నావు, పైన గోడ మీద పటాలు ఊగుతున్నాయి. లారీ హారన్‌కి గిర్గిస్ చెవులు మూసుకున్నాడు, నీకు మామూలుగానే ఉంది. షుబ్రాలో హారన్లు తగ్గాయన్నావు. మొన్న కైరో నుంచి హమ్దీ ఆఫీసరు భార్య వచ్చింది. అడిగాను. "తగ్గడమా? చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది.

తగ్గింది షుబ్రా కాదు అన్నయ్యా.

ఇక్కడ బావులు తవ్వే యంత్రం మీద పనిచేసే ఇస్మాయిల్ అని ఒకతనున్నాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే చక్కగా జవాబు చెబుతాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. నాలుగేళ్ళు అందరూ పొగరనుకున్నారు.

నువ్వు నాన్న జేబు గడియారం తీసి, ముందు ఎడమ చెవి దగ్గర, తర్వాత కుడి చెవి దగ్గర పెట్టి చూడు. ఏం వినిపించిందో ఉన్నదున్నట్టు రాయి. అప్పటిదాకా దయచేసి కారు తీయకు.

ఇది నీ తప్పు కాదు. మితవల్లికి చెప్పు. ఒక్క మాటతో తేలిపోతుంది.

నీ చెల్లెలు

*

షుబ్రా
20 జనవరి 1989

ఇన్షిరాహ్‌కి,

గడియారం చూశాను. ఎడమ వైపు ఆగిపోయినట్టుంది. కుడి వైపు చెవికి గట్టిగా అదిమితే కొంచెం ఉంది. ముల్లు తిరుగుతూనే ఉంది కాబట్టి గడియారం మంచిదే.

తర్వాత ఒక చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. యంత్రం పెట్టి చూశాడు. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది పావు వంతు ఉందని కాగితం మీద రాసి చూపించాడు. ముప్పై ఏళ్ళు కిటికీ దించుకుని తోలితే ఇంతేనట. బాగుచేసే పని లేదట. ఎదుటివాళ్ళ పెదాలు చూసి నేను సగం వింటున్నానట, నాకే తెలియకుండా.

నువ్వు చెప్పిందే నిజమైంది. కానీ ఒక్క మాటతో తేలిపోతుందన్నావు, అది నిజం కాదు.

వచ్చే నెలాఖరుకి లైసెన్సు పని ఉంది. అక్కడి డాక్టరు కళ్ళు చూస్తాడు. చెవుల దగ్గరికి వచ్చేసరికి, "బాగా వినిపిస్తుందా?" అని అడుగుతాడు. మొహం చూస్తూ అడుగుతాడు. అవునంటే ముద్ర వేస్తాడు. ఇంకో మూడేళ్ళు గడుస్తుంది. పక్క అద్దం తెరిచాను. వీధిలో నా ఒక్కడి కారుకే అద్దం తెరిచి ఉంది. మెల్లగా తోలుతున్నాను.

మితవల్లికి చెబితే మధ్యాహ్నానికల్లా స్టాండంతా తెలుస్తుంది. చెవిటివాడి కారు ఎవడెక్కుతాడు? ముద్ర ఎవడు వేస్తాడు? నాకు యాభై నాలుగేళ్ళు. బడికి వెళ్ళింది రెండేళ్ళు. చదవడం కార్ల బోర్డులు చూసి నేర్చుకున్నాను. నాకు తెలిసింది ఇదొక్కటే.

కాబట్టి మితవల్లి నన్ను పగవాడనుకోవడమే మేలు. పగవాడనుకున్నా పొద్దున్నే నేను కారు తీయొచ్చు.

ఈ ఉత్తరం చించెయ్యి.

గాబిర్

*

ఖార్గా
30 జనవరి 1989

అన్నయ్యా,

ఉత్తరం చించేశాను. రౌహియాకి ఒక్క అక్షరం రాయలేదు. రాయను కూడా. ఆ మాట నీ నోటినుంచే రావాలి, లేదా రాకుండా ఉండాలి.

కానీ రౌహియా మళ్ళీ రాసింది. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నాగ్లా నెలరోజులుగా అత్తగారి మాటలు పడుతోందట. అన్నం మాడితే, "వంతెన మీద ఆ కారువాడి దిష్టి" అంటుందట ఆవిడ. అల్లుడు అషూర్‌కి పనిచేసే గ్యారేజీలో ఉద్యోగం పోతే, "దారి మూసి పంపిన పెళ్ళి ఎలా బాగుపడుతుంది?" అందట. పదిరోజుల కిందట నాగ్లాకి కడుపు పోయింది. ఆవిడ అప్పుడేమందో రౌహియా రాయలేదు. పుట్టింటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటోందట. "గాబిర్ మామకి నేనేం చేశాను?" అని అడుగుతోందట.

నీకు తెలిసిన పని ఒక్కటే అన్నావు. నాకు తెలుసు. దాని ముందు నేను ఏదీ పెట్టడం లేదు. చెప్పమని కూడా అనడం లేదు. ఆ పిల్ల అడిగింది నీ దాకా చేర్చాను, అంతే.

వెనకా ముందూ చూసి రోడ్డు దాటు. నడిచేటప్పుడు కూడా.

ఇన్షిరాహ్

*

షుబ్రా
11 ఫిబ్రవరి 1989

చెల్లెలు ఇన్షిరాహ్‌కి,

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నిన్న శుక్రవారం పొద్దున మితవల్లి ఇంటికి వెళ్ళాను.

తలుపు వాడే తీశాడు.

"ఏమిట్రా, దారి తప్పావా?" అన్నాడు.

"నాకు చెవులు పోయాయి" అన్నాను.

"ఏంటి?"

"చెవులు. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది పావు వంతు ఉంది. నువ్వు పిలిచావట, నేను వినలేదు. వంతెన మీద కూడా వినలేదు."

వాడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మరి ఇప్పుడు నేనడిగింది ఎలా వినపడింది?"

"నీ మొహం చూస్తున్నాను. పైగా అరుస్తున్నావు."

"నేనెక్కడ అరుస్తున్నాను?" అని అరిచాడు. "నాలుగు నెలలు కూర్చుని ఈ కథ అల్లుకొచ్చావా? చెవిటివాడు షుబ్రాలో టాక్సీ తోలతాడట్రా? రెండో రోజుకి చస్తాడు."

రౌహియా వెనక నుంచి వచ్చింది. "లోపలికి రానీవయ్యా, గుమ్మంలో ఏమిటది?" అంది.

"నువ్వాగు. రారా కిందికి. నీ కారెక్కి కూర్చో. వెనక నా కారులోంచి కొడతాను. కదలకుండా కూర్చో, చూస్తాను."

వీధిలోకి దిగాం. నా కారెక్కి అద్దాలెత్తి కూర్చున్నాను. వాడు వెనక ఇరవై అడుగుల దూరంలో వాడి కారెక్కాడు. అద్దంలో చూస్తే మోసం చేసినట్టవుతుందని చేతులు ఒళ్ళో పెట్టుకుని నేరుగా ముందుకు చూస్తున్నాను.

వాడెంతకీ మొదలుపెట్టలేదు. అయిదు నిమిషాలు ఆగాను. ఇస్త్రీ బక్రి చేతిలో పెట్టె పట్టుకునే కొట్టు బయటికొచ్చి నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీద ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. నాకు తెలియని ఒకాయన పరుగున వచ్చి కిటికీ దగ్గర వంగి నా మొహం చూశాడు. సలాం చెప్పాను. ఆయన వెనక్కి తగ్గాడు. వెనక ఎవరికైనా దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. అయినా కూర్చోమన్నాడు కదా అని కూర్చున్నాను.

ఇంకో అయిదు నిమిషాలకి మితవల్లి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గడ్డమంతా తడిసి ఉంది. అద్దం దించాను.

"ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాను.

"అయిపోయింది" అన్నాడు.

తర్వాత తలుపు తీసి నన్ను పక్కకి తోసి, చక్రం వాడు పట్టుకున్నాడు. వాడి కారు వీధి మధ్యలో తాళంతో సహా అలాగే వదిలేశాడు. దాని వెనక వరస కట్టిన బళ్ళన్నీ మోగించాయని రౌహియా తర్వాత చెప్పింది. నన్ను తిన్నగా నాగ్లా అత్తగారింటికి తీసుకెళ్ళాడు. దారిలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడితే మొహం ఇటు తిప్పాలని గుర్తుంచుకున్నాడేమో. ఆవిడ ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. బీరువా తలుపు సంగతి కూడా చెప్పాను. ఆవిడ టీ ఇచ్చి, నా వెనక్కి వెళ్ళి ఏదో అందట. నేను తాగుతూనే ఉన్నాను. మళ్ళీ ముందుకొచ్చేసరికి ఆవిడ మొహం మారింది. మధ్యాహ్నం తనే వెళ్ళి నాగ్లాని తీసుకొచ్చింది. నా కోటు గుండీ ఒకటి వేలాడుతుంటే నాగ్లా సూదీ దారం తెచ్చి, నా ఒంటి మీద ఉండగానే కుట్టింది.

స్టాండంతా తెలిసింది. మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. లైసెన్సుకి వెళ్ళడం లేదు. అషూర్‌కి లైసెన్సుంది, పనిలేదు. రేపటి నుంచి కారు అతను తోలతాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడడం నా పని. రెండో సిలిండర్ తేడా చేస్తే అరచేతికి తెలుస్తుంది. అషూర్‌కి చెవులున్నా తెలీదు. ఇంకో ఇద్దరు వాళ్ళ కార్లు కూడా తెస్తామన్నారు. సరిపోతుందో లేదో ఇప్పుడే చెప్పలేను.

పొద్దున్నే చేతులు చక్రం కోసం వెతుకుతున్నాయి. అది నీకు తప్ప ఎవరికీ రాయను.

ఒకటి మిగిలింది. మితవల్లి ఏం కొట్టాడో నాకెవరూ చెప్పడం లేదు. వాణ్ణడిగితే తల దించుకుంటాడు. రౌహియా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. బక్రి, "అల్లా మన్నించాలి" అని బట్టల మీద నీళ్ళు చల్లుకుంటాడు. కానీ జనం అలా కొట్ల బయటికి వచ్చి నిలబడేది, పిల్లల్ని లోపలికి లాక్కునేది ఒక్కదానికే. హారన్ మీద కొట్టే అయిదు దెబ్బల తిట్టు. నీకు తెలుసు. ఆరేళ్ళప్పుడు వీధిలో విని, వంటింట్లో గరిటెతో పళ్ళెం మీద అదే వరస కొడితే, అమ్మ నిన్ను చెప్పుతో మేడ మీద దాకా తరిమింది. తననే తిడుతున్నావని నీకు తెలీదు.

అమ్మని ఆ మాటంటే కైరోలో ఏ డ్రైవరూ కారు దిగకుండా కూర్చోడు. వాడు పది నిమిషాలు అన్నాడు, నేను పది నిమిషాలు కూర్చున్నాను. అందుకే నమ్మాడు.

అమ్మ నీకూ అమ్మే కాబట్టి కోపం నీకూ రావాలి. నీ వంతు కూడా నేనే మన్నించేశాను. తెలియడం కోసం రాస్తున్నాను.

నీ అన్న
గాబిర్